పసుపే గదా!

ఇప్పుడు ఒక గంటసేపు కుర్చీలో కూర్చోగలుగుతున్నాను. ఆ తర్వాత ఒళ్ళు ఇంక నాది కానట్టయిపోతుంది. లేచి పోయి పడుకుంటాను. ఇదంతా అలా లేస్తూ, పడుకుంటూ రాసిందే.

రాయడం నా పని కాదు. నా పని టైపు కొట్టడం. చిలకలగూడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పెళ్ళి కార్డులు, దశదినకర్మ కార్డులు, షాపు ఓపెనింగుల కరపత్రాలు తెలుగులో కంపోజ్ చేస్తుంటాను. ఒకరి మాటలు తప్పులు పోకుండా కొట్టడమే తప్ప సొంతంగా నాలుగు వాక్యాలు రాసిందాన్ని కాదు. కానీ ఈమధ్య ఎవరు కనపడ్డా ఒకటే ప్రశ్న: "ఏమైంది నిర్మలా, గిట్లయిపోయినవ్?" కామెర్లు అంటాను. "బయట నీళ్ళు తాగినవా? పానీపూరి తిన్నవా?" అంటారు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలంటే నాకు ఊపిరి చాలడం లేదు. అందుకని ఒక్కసారే రాసి పెడుతున్నాను. చదివినవాళ్ళలో ఒక్కరైనా తాము మింగుతున్నదేమిటో డాక్టరుకు చెప్పుకుంటే నా ఓపిక దండగ కానట్టే.

ఫిబ్రవరి, మార్చి

పెళ్ళిళ్ళ సీజను. ప్రెస్సులో తల ఎత్తే తీరిక లేదు. పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి ఉండేవి. పాల ప్యాకెట్ కత్తిరించడానికి కత్తెర పట్టుకోవాలంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మా ఆయన రమణది పార్వతీపురం వైపు. ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చి, ఇక్కడి పిల్లనైన నన్ను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. కార్ఖానా అనే పేటలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు చూస్తాడు. "ఓసారి డాక్టరుకి చూపించుకోవేటే" అనేవాడు. సీజను అయిపోనీయండి అనేదాన్ని.

ఒక ఆదివారం సరోజక్క వచ్చింది. అక్క నాకంటే పదేళ్ళు పెద్ద. అమ్మ పోయినప్పుడు నేను ఇంకా లంగాజాకెట్టు వేసుకునే వయసు. నాకు జడ వేసింది, అన్నం పెట్టింది, పెళ్ళిలో మా ఆయన వాళ్ళతో మర్యాదల దగ్గర పోట్లాడింది అన్నీ అక్కే. యాప్రాల్‌లో కొడుకు, కోడలితో ఉంటుంది. బావ చివరి రోజులు ఆసుపత్రుల్లోనే గడిచాయి. కిడ్నీలు. ఆయన పోయాక అక్క ఇంట్లో మిగిలిన మందులన్నీ ఒక బియ్యం సంచిలో పోసి గేటు బయట పెట్టింది. "ఇన్ని మింగి ఏం బతికిండే మీ బావ?" అంది. ఆనాటి నుంచి మళ్ళీ ఇంగ్లీషు మందు ముట్టలేదు.

తర్వాత పార్కులో పొద్దున నడిచే ఆడవాళ్ళతో స్నేహం కుదిరింది. ఆకుల పొడులు, వేర్ల కషాయాలు, నీటి నాచుతో చేసిన గోలీలు, ఏ కూరగాయలో ఏ గుణముందో వాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. అక్క మోకాళ్ళ నొప్పి తగ్గింది. నిజంగానే తగ్గింది, నేను కళ్ళారా చూశాను. మెట్లు ఎక్కలేనిది ఎక్కడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం నా వేళ్ళు పట్టుకుని చూసి, సంచిలోంచి రెండు డబ్బాలు తీసింది.

"పొద్దుగాల ఒకటి, రాత్రి ఒకటి. నెల తిరిగేసరికి వేళ్ళు ఎట్లయితయో సూడు."

"ఇవేం మందులక్కా?"

"మందులేందే! పసుపు. పసుపులకెల్లి తీసిన సారం. ఇంకోటి నాచు. నీళ్ళల్ల పెరుగుతది గదా, ఆకుకూర లెక్కనే. నీకు నేను మందులిస్తనా?"

పసుపు గోలీ నున్నగా, నారింజ రంగులో ఉండేది. నాచు గోలీ ముదురాకుపచ్చ. మూత తీస్తే చేపల తొట్టి వాసన. డబ్బా మీద ఆకుల బొమ్మ, ఉదయించే సూర్యుడి బొమ్మ ఉన్నాయి. నేను రోజూ చేసే పనే కాబట్టి ఆ అక్షరాలు బాగా కూర్చారే అని కూడా అనుకున్నాను. చెప్పినట్టే వేసుకున్నాను. రెండు మూడు వారాలకు వేళ్ళు కొంచెం వదులైనట్టే అనిపించాయి. అక్కకు ఫోన్ చేసి చెబితే ఎంత సంబరపడిందో.

ఏప్రిల్

మొదట వచ్చింది నీరసం. ఎండలు కదా అనుకున్నాను. తర్వాత అన్నం వాసన పడలేదు. పోపు వేస్తుంటే వంటింట్లోంచి బయటికి పరిగెత్తేదాన్ని. మా అమ్మాయి కీర్తన డిగ్రీ చదువుతోంది. "నువ్వు కూర్చో, నేను చేస్తా" అని చేసేది. అది పెట్టిన ముద్ద కూడా గొంతు దిగేది కాదు. దాని ముఖం చిన్నబోయేది.

ఆ తర్వాత దురద. దద్దుర్లు లేవు, మచ్చ లేదు, ఉత్త దురద. అరికాళ్ళల్లో, అరచేతుల్లో, చర్మం కింద ఎక్కడో గోరుకు అందని చోట. ప్రెస్సులో టేబుల్ అంచుకు అరచేతులు రుద్దుకుంటూ కూర్చునేదాన్ని. ఒకరోజు వధువు పేరు వరుడి పేరున్న చోట కొట్టాను. ప్రూఫులో కూడా నాకు కనపడలేదు. మా ఓనరు తిట్టలేదు. "ఇంటికి పోమ్మా నిర్మలా, జెర పండుకో" అన్నాడు. అలా అన్నందుకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే కీర్తన చున్నీ మడత పెడుతూ నా ముఖంకేసి చూసి ఆగిపోయింది. "అమ్మా, ఇటు తిరుగు" అంది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి నా కళ్ళు చూసి, "నాన్నా" అని పిలిచింది. ఆ పిలుపులోనే నాకు తెలిసిపోయింది, ఏదో అయిందని.

కామెర్లని ఇరుగుపొరుగుకు తెలియగానే సలహాలు. పసరు పోస్తారట, చెరుకు రసం తాగాలట, మెడలో దండ వేయించుకోవాలట. మా ఆయన అవేవీ వినలేదు. రైల్వే స్టేషన్ అవతల ఉన్న ఒక ఆసుపత్రిలో లివర్ డాక్టరమ్మ ఉందని ఎవరో చెబితే అక్కడికి తీసుకుపోయాడు.

ఆసుపత్రిలో ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఎదురుచూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇనుప కుర్చీలు. గోడ మీద టీవీలో ఎవరూ వినని వంటల కార్యక్రమం. అందులో ఎవరో నూనెలో మిరపకాయలు వేయిస్తుంటే నేను కళ్ళు మూసుకునేదాన్ని. పేరు పిలుస్తారేమోనని బాత్రూముకు పోవడానికి కూడా భయం. అక్కడ ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. ఘట్‌కేసర్ నుంచి వచ్చేవాడు. ఫ్యాను కింది కుర్చీ మీద తన తువ్వాల వేసి ఉంచి, నేను రాగానే తీసేసేవాడు. "కూసో బిడ్డా, నీకు దురదకు గాలి మంచిది" అనేవాడు. ఆయన కడుపు పొంగి, కాళ్ళు సన్నగా ఉండేవి. ఆయనకే కూర్చోవడం కష్టం. అయినా నాకు చోటు ఆపేవాడు.

డాక్టరమ్మ మొదటిసారే అడిగింది. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

లేదన్నాను.

రక్తపరీక్షలు చేశారు. నీళ్ళతో వచ్చే కామెర్లు కాదన్నారు. రక్తంతో వచ్చేవీ కాదన్నారు. స్కానింగులో రాళ్ళు లేవన్నారు. మరి ఏమిటంటే ఎవరికీ తెలియదు. కామెర్లు మాత్రం ప్రతి పరీక్షకూ పెరుగుతున్నాయి. రెండోసారి డాక్టరమ్మ మళ్ళీ అడిగింది, నొప్పి మాత్రలు, టీబీ మందులు, ఇంకేమైనా? నేను మళ్ళీ లేదన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. నా మనసులో అవి మందులు కావు. అప్పటికీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటూనే ఉన్నాను. జబ్బుతో ఉన్నాను కదా, పసుపు మంచే చేస్తుందని.

మూడోసారి ఆమె పెన్ను పక్కన పెట్టి నా వైపు వంగింది.

"నిర్మలగారూ, మందు అనే మాట మర్చిపోండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మీ నోట్లోకి పోయేవన్నీ చెప్పండి. టీ, పొడులు, ఆకులు, కషాయాలు, ఎవరైనా ఇచ్చిన గోలీలు..."

"పసుపు గోలీలు ఒకటి మేడమ్. నాచు గోలీలు. గవి మందులు కావు గదా..."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "ఈరోజుతో ఆపేయండి. డబ్బాలు తెచ్చి చూపించండి" అని మాత్రం అంది. మా ఆయన నా వైపు చూశాడు. బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "ఆ డబ్బాలు ఎవరిచ్చారే? మీ అక్కేనా?" అన్నాడు. తెలిసే అడిగాడు.

మే

ఆపిన వెంటనే తగ్గిపోతుందనుకున్నాం. తగ్గలేదు. ఇంకా పెరిగింది. వారం తిరగకుండా ఆసుపత్రిలో చేర్చారు.

ఆ రోజులు వరుసగా గుర్తులేవు. నిద్ర, మెలకువ కలిసిపోయాయి. గోక్కుని గోక్కుని చేతులు రక్తం కారేవి. ఒక నర్సు తన డ్యూటీ అయిపోయి చీర మార్చుకుని ఇంటికి పోబోతూ ఆగి, మంచం మీద కూర్చుని నా గోళ్ళన్నీ తీసింది. అరచేయి తన ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలూ పట్టుకుని నెమ్మదిగా తీసింది. "మా అమ్మక్కూడా నేనే తీస్తా" అంది. ఆ తర్వాత ఆమె ఆ వార్డులో మళ్ళీ కనపడలేదు. పేరు అడగలేదు నేను.

డాక్టరమ్మ మా ఆయన్ని బయటికి పిలిచి మాట్లాడింది. ఇంకా పెరుగుతూ పోతే, నేను పొంతన లేకుండా మాట్లాడటం మొదలుపెడితే, లివర్ మార్పిడి చేసే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాల్సి ఉంటుందని చెప్పిందట. ఆయన లోపలికొచ్చి మంచినీళ్ళ బాటిల్ మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

మర్నాడు కీర్తన నా పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తూ, ఏదో మామూలు మాటలా అడిగింది. "అమ్మా, నీదీ నాదీ ఒకటే బ్లడ్ గ్రూపా?"

"ఎందుకే?"

"ఊరికే."

బత్తాయి తొనల మీది తెల్లటి పొర తీస్తోంది. తలెత్తలేదు. నాకు అర్థమైంది. తన లివర్‌లో ముక్క నాకిస్తే సరిపోతుందా అని ఫోనులో చదువుకుని వచ్చి అడుగుతోంది. అంతకుముందు వరకు నాకు భయం వేయలేదంటే నమ్మండి. నీరసంలో భయపడే శక్తి కూడా ఉండదు. ఆ ప్రశ్నకు మాత్రం భయం వేసింది. "నాది వేరు" అని అబద్ధం చెప్పాను. నర్సును అడిగి తెలుసుకోవడం దానికి ఎంతసేపు? అయినా అది తల ఊపి, తొన నా నోట్లో పెట్టింది.

అక్క రోజూ వచ్చేది. ఆసుపత్రి మెట్లెక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి నాకోసం ఎక్కేది. కానీ వార్డులో ఎక్కువసేపు ఉండలేకపోయేది. ఆ వాసనకు బావ గుర్తొస్తాడేమో, బయట కుర్చీలో కూర్చునేది. గోలీల సంగతి తనకు అప్పటికి మేమెవరమూ చెప్పలేదు. నేనే వద్దన్నాను.

ఒక మధ్యాహ్నం గాజు సీసాలో ఏదో రసం తెచ్చింది. ముదురాకుపచ్చగా ఉంది. తలుపు దగ్గర మా ఆయన అడ్డం నిలబడ్డాడు.

"ఏటది వదినగారూ?"

"నేల ఉసిరి. యాప్రాల్ల ఖాళీ ప్లాట్లల్ల ఏరుకొచ్చి నూరిన. కామెర్లకు ఇంతకు మించింది లేదు రమణా. జెర తాపుత, జరుగు."

"ఇంకేటీ తాగించొద్దు. మీరిచ్చిన గోలీలే దాన్నిలా పడుకోబెట్టాయి. డాక్టరమ్మే చెప్పింది."

సీసా మూత తిప్పుతున్న చప్పుడు ఆగింది.

"ఏ గోలీలు?"

"పసుపు గోలీలు. మీరు తెచ్చినవే."

"పసుపుతోని ఎవలన్న బీమారైతరా? పుట్టిన పోరికి పూస్తం, సచ్చినోళ్ళకు పూస్తం. గీ దవాఖానోళ్ళు చెప్పిందల్లా నమ్ముతవా? మీ తోడల్లుణ్ణి ఏం చేసిన్రో తెల్వదా నీకు?"

"నాకదంతా తెలీదు. మీరు ఇంక రావొద్దు. మీకు దండం పెడతాను, రావొద్దు."

నేను మంచం మీద నుంచి అంతా విన్నాను. లేవలేను. అక్కా అని పిలవాలనుకున్నాను. నోరు తడారిపోయి మాట రాలేదు. సీసా మూత బిగించిన చప్పుడు, తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించాయి. ఎవరి మీదా కోపం రాలేదు నాకు. ఇద్దరూ నాకోసమే కొట్లాడుకున్నారు. కొంచెం నెమ్మదిగా కొట్లాడుకుంటే బాగుండునని మాత్రం అనిపించింది, తల పగిలిపోతోంది.

జూన్, జూలై

ఆ తర్వాత కామెర్లు పెరగడం ఆగింది. కొన్నాళ్ళు అలాగే నిలబడి, దిగడం మొదలైంది. డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్విన రోజు నేను నవ్వలేకపోయాను. బతుకుతానని తెలిస్తే ఎగిరి గంతేస్తామనుకుంటాం. అలాంటిదేమీ జరగలేదు. ఇంటికి పోయి పడుకోవచ్చు కదా అని అడిగాను.

వానలు మొదలయ్యాయి. ఇంట్లో మంచం, బాత్రూం, మళ్ళీ మంచం. వారం వారం రక్తపరీక్ష. ఒకసారి పోయేసరికి ఫ్యాను కింది కుర్చీ మీద తువ్వాల లేదు. ఆలస్యమైందేమో అనుకున్నాను. తర్వాతి వారం కూడా లేదు. కౌంటర్లో అడగొచ్చు. అడగలేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉన్నా దాంట్లో కూర్చోకుండా వేరే దాంట్లో కూర్చున్నాను.

అక్క నుంచి ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఏటా మా వైపు జరిగే లష్కర్ బోనాల పండగకు అక్క మా ఇంటికొచ్చేది. బోనం కుండకు సున్నం, పసుపు పూసి, వేపకొమ్మలు కట్టి నా నెత్తిన తనే ఎత్తేది. ఈ ఏడు మా ఇంట్లో బోనం లేదు. వీధిలో డప్పులు వినపడుతుంటే అక్క వస్తుందని సాయంత్రం దాకా తలుపు వైపే చూశాను. రాలేదు. మర్నాడు కీర్తనను యాప్రాల్ పంపాను.

అది తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, పెద్దమ్మ గుప్పెడు గుప్పెడు మింగుతుంది."

"ఏంటివి?"

"అవే. నీకిచ్చినవే. అన్నయ్యకు, వదినకు తెల్వదు. వాళ్ళు ఆఫీసుకు పోయినంక వేసుకుంటుంది. నేను చూసి అడిగితే, 'నాకేమైతదో సూస్త' అంటుంది."

మా ఆయన ఆఫీసు నుంచి రాగానే చెప్పాను. ఆయన చొక్కా విప్పబోయి ఆగి, మళ్ళీ బొత్తాలు పెట్టుకున్నాడు. "పద" అన్నాడు. ఆటోలో యాప్రాల్ దాకా కూర్చోవడం నాకు ఆ రోజుల్లో పర్వతం ఎక్కినట్టే. ప్రతి గుంతకూ కుడిపక్క పట్టుకున్నాను.

అక్క తలుపు తీసి నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. అంత చిక్కిపోయి ఉన్నాను. కుర్చీ లాగింది. టేబుల్ మీదే ఉన్నాయి డబ్బాలు. దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

"సూడు. నీకన్న ఎక్కువనే ఏసుకుంటున్న. నువ్వు దవాఖానల పడ్డప్పటి సంది. నాకేమన్నయిందా? కండ్లు పచ్చగైనయా? అన్నం తింటలేనా? గవి కాదే నిన్ను పండవెట్టింది. ఇంకేదో ఉన్నది. గా డాక్టరమ్మకు దొరకక పసుపు మీద పెట్టింది."

"ఎందుకక్కా గిట్ల చేస్తున్నవ్?"

"ఎందుకేందే! గవి కాదని తేలాలె గదా. గవే అయితే..."

టేబుల్ మీద గుడ్డతో తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

నాకు వాదించే ఓపిక లేదు. ఉన్నా ఏం వాదించేదాన్నో. "అక్కా," అన్నాను, "నీకేమన్నయితే నన్ను ఎవలు సూస్తరు?" అంతే నా నోటికి వచ్చింది. స్వార్థం మాటే. కానీ నిజం మాట.

మా ఆయన అప్పటిదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మని అక్క అనలేదు, ఆయన రాలేదు.

"వదినగారూ, ఆవేళ నేనన్న మాట భయంతో అన్నాను. ఇది పోతాదేమో అనుకున్నాను. ఏటి మాటాడేనో నాకే తెలీదు."

అక్క ఆయనకేసి చూడకుండానే అంది. "నేను సుత గదే అనుకున్న రమణా. పోతదనే అనుకున్న." ఇంకో కుర్చీ లాగి, "లోపటికి రా. గుమ్మంల నిలబడకు" అంది.

చాయ్ పెట్టింది. నాకు మజ్జిగ ఇచ్చింది. ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకోమని ఇద్దరం బతిమిలాడాం. దవాఖానలో సూది పొడిపించుకోనంది. బావ పోయినాక ఒట్టు పెట్టుకున్నానంది. చివరికి నేను లేవబోయి తూలితే, నన్ను పట్టుకుని, "సరే పద, నీకోసం వస్త" అంది.

ఆగస్టు

అక్క రిపోర్టు వచ్చింది. ఏ లోపమూ లేదు. లివర్ శుభ్రంగా ఉంది.

నాకు ఊపిరి వచ్చింది. అక్కకు రాలేదు. డాక్టరమ్మ ముందు కుర్చీలో ముడుచుకుని కూర్చుంది.

"అంటే మరి గవి కాదన్నట్టే గదమ్మా? నేను అన్ని ఏసుకున్న గదా."

డాక్టరమ్మ తొందరపడలేదు. బయట ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అయినా కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

"పెద్దమ్మా, మనం కూరలో వేసుకునే పసుపు వేరు. అందులో ఆ సారం ఉండేది కొంచెం. అది కూడా ఒంటికి పెద్దగా పట్టకుండానే పోతుంది. ఈ గోలీల్లో దాన్ని బాగా చిక్కగా చేసి, ఒంటికి పట్టడానికి మిరియాల సారం కలుపుతారు. చాలామందికి ఏమీ కాదు, మీకు కానట్టే. ఎక్కడో కొందరి లివర్ దాన్ని తట్టుకోలేదు. అది ఎవరికో ముందే చెప్పడానికి నా దగ్గర పరీక్ష లేదు. మీ చెల్లెలి విషయంలో మిగతావన్నీ వెతికాం. ఏదీ దొరకలేదు. ఆపాక తగ్గింది. అందుకే అవే అంటున్నాను."

"నాచు గోలీలు?"

"వాటి సంగతి నేను గట్టిగా చెప్పలేను. ఎక్కడి నీళ్ళల్లో పెరిగాయో, అందులో ఏం కలిసిందో ఆ డబ్బా మీద లేదు. అందుకే అన్నీ ఆపమన్నా. మొక్క మంచిది కాదని నేననను. మంచి గుణం ఉన్నది ఏదైనా ఒంట్లో పని చేస్తుంది కదా. పని చేసేదాన్ని మందులాగే చూడాలి. అంతే."

అక్క ఆ తర్వాత అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"అయితే దానికిచ్చినప్పుడు నాకు తెల్సే దారి లేకుండెనా?"

"లేదు," అంది డాక్టరమ్మ. "మీకు లేదు. నాకూ లేదు."

బయటికొచ్చాక అక్కను పట్టుకుని నేను నడిచానో, నన్ను పట్టుకుని అక్క నడిచిందో చెప్పలేను. ఆ రోజు నుంచి తను డబ్బాలు ముట్టలేదని కీర్తన కనిపెట్టి చెప్పింది. మోకాళ్ళ నొప్పులు మళ్ళీ మొదలయ్యాయట. అది నాకు చెప్పొద్దందట.

అక్టోబరు

ప్రెస్సుకు సగం పూట పోతున్నాను. వేళ్ళు పొద్దున బిగుసుకుంటాయి. వేడినీళ్ళలో పెట్టుకుంటాను. దానికి వేరే డాక్టరును చూడాలి. చూస్తాను, ఇంకొన్నాళ్ళు పోయాక. ఇప్పుడు ఏ ఇనుప కుర్చీలోనూ కూర్చోవాలని లేదు. మా ఆయన కూడా అలిసిపోయాడు. ఆదివారాలు భోజనం చేయగానే గోడకు ఆనుకుని కూర్చున్నచోటే నిద్రపోతాడు. కీర్తన ఒక పేపరు తప్పింది. మళ్ళీ రాస్తుంది. ఎవరమూ ఆ మాట ఎత్తడం లేదు.

పోయిన వారం చివరి పరీక్షకు పోయాను. అక్క తనే వస్తానంది. పొద్దున్నే యాప్రాల్ నుంచి బస్సు పట్టుకుని వచ్చింది.

ఆసుపత్రిలో మా పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుంది. నా ఈడుదే. వెంట ఎవరూ లేరు. చేతులు గోక్కుంటోంది. చీర కొంగు కప్పుకుంది కానీ, ఆ గోకుడు చూడగానే నాకు తెలిసిపోయింది. నేను ముఖం తిప్పుకున్నాను. నిజం చెప్పాలంటే పలకరించే శక్తి లేకపోయింది. ఏమైందని అడిగితే నా కథ కూడా చెప్పాల్సి వస్తుంది.

అక్క ఆవిణ్ణే చూస్తోంది. కాసేపటికి లేచి పోయి ఆవిడ పక్కన కూర్చుంది.

"కామెర్లా బిడ్డా?"

ఆవిడ తల ఊపింది.

"ఏంటితోని వచ్చినయో చెప్పిన్రా?"

"ఇంకా తెల్వదంటున్నరు పెద్దమ్మా. మళ్ళ రమ్మన్నరు."

"నువ్వేమన్న గోలీలు మింగుతున్నవా? పొడులు, కషాయాలు, ఆకుల సారాలు గిట్ల?"

ఆవిడ కొంచెం తడబడింది. "మందులేం లేవు పెద్దమ్మా. బరువు తగ్గనీకి చాయ్ ఆకుల సారమని ఒక డబ్బా ఉన్నది... గది మందు కాదు."

"ఆఁ, గదే. గదే చెప్పాలె," అంది అక్క, ఆవిడ మోకాలి మీద చేయి వేసి. "లోపటికి పోంగనే ముందుగాల గదే చెప్పు. డాక్టరమ్మ అడగకున్న చెప్పు. చెట్టుదే గదా, ఆకే గదా అని ఊకోకు. గా కుర్చీల కూసున్నది నా చెల్లె. గట్లనే అనుకుని సావు దాక పోయి వచ్చింది."

ఆవిడ తల తిప్పి నా వైపు చూసింది. నేను తప్పనిసరై కొంచెం నవ్వాను.

"ఎవలన్న ఇచ్చిన్రా పెద్దమ్మా ఈమెకు?" అని అడిగింది ఆవిడ.

లోపల నా పేరు పిలిచారు. నేను లేచాను కానీ కదలలేదు.

"నేనే బిడ్డా," అంది అక్క. "నేనే ఇచ్చిన."